ఎండిన కంది కట్టెని వందేళ్లు ఎందుకు దాచిపెడతారు? తాండూరు కంది, ఎండు తెగులు, ఒక హెర్బేరియం

వికారాబాద్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది అనంతగిరి. తెల్లారుజామున బైక్, పొగమంచు, మూసీ పుట్టిన చోటు, ఒక రీల్, మధ్యాహ్నానికి మళ్లీ హైదరాబాద్. ఈ ఎపిసోడ్‌లో మనం అక్కడ ఆగట్లేదు. ఇంకో 40 కిలోమీటర్లు ముందుకెళ్తే తాండూరు. నాపరాళ్లకి, కందిపప్పుకి పేరున్న ఊరు. తాండూరు కందికి 2022 డిసెంబర్‌లో జీఐ ట్యాగ్ వచ్చింది. యాలాల రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ దానికి దరఖాస్తు పెట్టింది. అంటే ఈ పప్పు రుచి, ఉడికే తీరు ఈ నేలకే సొంతం అని ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకుందన్నమాట.

అయితే ఆ నేలలో ఇంకోటి కూడా ఉంది. దాని గురించి ఎవరూ ట్యాగ్ అడగరు. అదొక బూజు, అంటే శిలీంధ్రం. పేరు ఫ్యుజేరియం ఉడమ్. రైతుల మాటలో ఎండు తెగులు.

ఈ బూజు ఏం చేస్తుందో ముందు చెప్తాను. తర్వాత దీన్ని కాగితంలో చుట్టి, చీటీ రాసి, బీరువాలో పెట్టే మనుషుల గురించి. నిజానికి నేను ఈ వీడియో మొదలుపెట్టింది ఆ రెండో భాగం కోసమే.

కందిని జూన్, జులైలో విత్తుతారు. మూడు నాలుగు నెలలు చేను పచ్చగా, ఏ గొడవా లేకుండా ఉంటుంది. పూత, కాయ టైమ్‌కి అక్కడక్కడ ఒక్కో చెట్టు వాడిపోవడం మొదలవుతుంది. తాండూరు దగ్గర ఒక చేనులో షూట్ చేస్తుంటే ఆ రైతు నాతో అన్నది ఇదీ: "తమ్మీ, నేలల పదును ఉన్నది, చేయి పెట్టి చూడు. ఇగ ఇదెందుకు ఎండుతున్నది?" నేను మట్టి తీసి చూశాను. తడి ఉంది. "మరి నీళ్లు పైకి పోతలేవా కాకా?" అన్నాను. ఆయన చెట్టు పీకి, కొడవలితో కాండాన్ని నిలువుగా చీల్చి చూపించాడు. లోపల తెల్లగా ఉండాల్సిన కట్టెలో గోధుమ రంగు, నల్లటి చారలు. బయట మొదలు దగ్గర నుంచి పైకి ఊదారంగు పట్టీ ఒకటి పాకి ఉంది.

ఆ చారలే అసలు విషయం. ఈ బూజు మట్టిలోంచి సన్నటి వేర్ల ద్వారా లోపలికి దూరుతుంది. చెట్టులో నీళ్లు పైకి మోసే సన్నటి గొట్టాలు ఉంటాయి కదా, టెన్త్ బయాలజీలో దారువు అని చదువుకున్నాం, అందులో కాపురం పెడుతుంది. గొట్టాలు మూసుకుపోతాయి. కింద నీళ్లున్నా పైకి చేరవు. కొన్నిసార్లు ఒక పక్క వేరుకే పట్టుకుంటే ఆ పక్క కొమ్మ మాత్రమే ఎండుతుంది, మిగతా సగం పచ్చగా ఉంటుంది. చూడ్డానికి చాలా వింతగా ఉంటుంది.

నష్టం ఎంత అనేది ఎప్పుడు వచ్చిందన్న దాన్ని బట్టి ఉంటుంది. కన్నయ్యన్, నేనె అనే శాస్త్రవేత్తలు 1981లో వేసిన లెక్క ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. కాయ పట్టకముందే వస్తే ఆ చెట్టు మీద ఆశ వదులుకోవాల్సిందే, 100 శాతం పోయినట్టు. కాయ ముదిరే టైమ్‌లో వస్తే 67 శాతం. కోతకి ముందు వస్తే 30 శాతం. పైగా చెట్టు చచ్చినా బూజు చావదు. చేనులో మిగిలిన మోళ్లలో, వేర్లలో దాదాపు మూడేళ్లు బతికే ఉంటుంది. వచ్చే ఏడాది అదే చేనులో మళ్లీ కంది వేస్తే, భోజనం రెడీగా పెట్టి పిలిచినట్టే.

ఇప్పుడు 1900ల మొదటి రోజులకి వెళ్దాం. ఎడ్విన్ జాన్ బట్లర్ అని ఒక ఐరిష్ డాక్టర్, 1874లో పుట్టాడు. మెడిసిన్ చదివి, మనుషుల్ని వదిలేసి మొక్కల జబ్బుల మీద పడ్డాడు. (బీటెక్ చదివి కెమెరా ముందు కూర్చున్నోణ్ని కాబట్టి ఈయనంటే నాకు కొంచెం ఇష్టం ఎక్కువ.) 1901లో ఇండియా వచ్చాడు, బ్రిటిష్ ఇండియా ప్రభుత్వానికి మొదటి శిలీంధ్ర శాస్త్రవేత్తగా. 1905లో బిహార్‌లోని పూసా అనే ఊళ్లో వ్యవసాయ పరిశోధన సంస్థ పెట్టినప్పుడు అక్కడికి మారాడు. కంది ఎండు తెగులు మీద ఆయన మొదటి రిపోర్ట్ 1906లో, బిహార్ పొలాల నుంచే.

అప్పటికి ఒక కన్ఫ్యూజన్ ఉంది. అమెరికాలో ఎర్విన్ స్మిత్ అనే పెద్ద శాస్త్రవేత్త పత్తి, అలసంద, పుచ్చకాయ మొక్కల ఎండు తెగులు చూసి, దానికి నియోకాస్మోస్పోరా అనే శిలీంధ్రంతో సంబంధం కట్టాడు. కంది వేర్ల మీద కూడా అది కనబడింది. సరే, అదే నేరస్తుడు అని ఫైల్ మూసేయొచ్చు. బట్లర్ మూయలేదు. రెండింటినీ విడివిడిగా పెంచి, ఆరోగ్యంగా ఉన్న కంది మొక్కలకి అంటించి చూశాడు. నియోకాస్మోస్పోరా చచ్చిన వేరు మీద బతికేది మాత్రమే, చంపేది కాదు అని తేలింది. చంపేది ఫ్యుజేరియం. 1910లో దానికి పేరు పెట్టాడు: ఫ్యుజేరియం ఉడమ్. లాటిన్‌లో ఉడమ్ అంటే తడిగా ఉన్నది. మొక్కని ఎండబెట్టి చంపేదానికి తడి అని పేరు!

ఇక్కడ ఒక ప్రశ్న. రేపు ఇంకో శాస్త్రవేత్త వచ్చి "మీరు చూసింది ఇదేనా, వేరేదా?" అని అడిగితే బట్లర్ ఏం చూపించాలి? పుస్తకంలో బొమ్మ చూపిస్తే చాలదు, వస్తువే చూపించాలి. అందుకే జబ్బు పడ్డ కాండం, ఆకు, వేరు ఎండబెట్టి, కాగితం పొట్లంలో పెట్టి, చీటీ రాసి దాచడం. ఆకుల హెర్బేరియం మీరు వినే ఉంటారు, బోటనీ వాళ్లు పెద్ద అట్ట మీద మొక్క అతికిస్తారు. శిలీంధ్రాల హెర్బేరియం అంత అందంగా ఉండదు. మడత పెట్టిన కాగితం కవర్లు. తెరిస్తే మచ్చలున్న ఒక ఆకు, లేదా వేలెడంత కట్టె ముక్క, లేదా కాటుక తెగులు పట్టిన జొన్న గింజలు నాలుగు. ఇంట్లో కనబడితే మా అమ్మ ఊడ్చి పారేస్తుంది.

పూసాలో అలా మొదలైన సంగ్రహం పేరు హెర్బేరియం క్రిప్టోగామే ఇండియే ఓరియెంటాలిస్. పలకడానికి నాకు మూడు టేకులు పట్టింది. 1934 జనవరి 15న బిహార్ భూకంపంలో పూసా సంస్థ పెద్ద భవనం దెబ్బతింది. 1936లో సంస్థ మొత్తాన్ని ఢిల్లీకి మార్చారు. అందుకే ఢిల్లీలో ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ పూసా అనే పిలుస్తారు. కాగితం పొట్లాలు కూడా ఢిల్లీ వచ్చాయి. ఇప్పుడు అక్కడ భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో సుమారు 50 వేల నమూనాలు ఉన్నాయి.

చీటీ సంగతి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే నా ఉద్యోగం రోజుల్లో నాకు బాగా తెలిసిన విషయం ఇదొక్కటే. సర్వర్ పడిపోతే మేం ఫస్ట్ అడిగేది లాగ్ ఫైల్. ఎన్ని గంటలకి, ఏ మెషిన్ మీద, ఏ వెర్షన్ నడుస్తుండగా? అది లేకపోతే ఎంత తెలివైన ఇంజనీర్ అయినా గోడకేసి చూస్తూ కూర్చోవాల్సిందే. హెర్బేరియం పొట్లం మీద చీటీ అచ్చం అంతే. ఏ మొక్క మీద, ఏ శిలీంధ్రం, ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు తీశారు, ఎన్నో నంబర్. ఆ చీటీ ఊడిపోయిందనుకోండి, లోపలి కట్టె పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు. కట్టె ఉండి చీటీ లేకపోవడం, చీటీ ఉండి కట్టె లేకపోవడం, ఈ రెండిట్లో మొదటిదే పెద్ద నష్టం అని నా అభిప్రాయం. చీటీ ఒక్కటే ఉన్నా, ఫలానా ఏడాది ఫలానా ఊళ్లో ఈ తెగులు ఉంది అని కనీసం ఎవరో రాసినట్టు తెలుస్తుంది.

"అన్నా, ఇప్పుడు ఫోన్‌లో ఫొటో తీస్తే లొకేషన్, డేట్ అన్నీ వస్తాయి కదా, ఈ కట్టెలెందుకు?" అని మీకు ఈపాటికి అనిపించే ఉంటుంది. న్యాయమైన ప్రశ్నే. ఫొటో మంచిదే, తీయండి. కానీ ఫొటోలో కెమెరా చూసిందే ఉంటుంది. కాండం లోపల చారలు ఉన్నాయా అని పదేళ్ల తర్వాత అడిగితే ఫొటోని చీల్చి చూడలేం. మైక్రోస్కోప్ కింద పెట్టి, ఫ్యుజేరియం ఉడమ్ బీజం చివర ఉండే కొక్కెంలాంటి వంపు ఉందా అని చూడలేం. డీఎన్ఏ అస్సలు తీయలేం. బట్లర్ 1910లో పేరు పెట్టాడు, డీఎన్ఏ ఆకారం మనకి తెలిసింది 1953లో. ఆ రోజుల్లో కట్టె దాచిన వాళ్లకి, దాన్ని తర్వాత ఎవరు ఏ ప్రశ్న అడుగుతారో ఊహ కూడా లేదు.

అలా అడిగిన ప్రశ్నకి జవాబు దొరికిన కేసు ఒకటి ఉంది. బట్లర్ సొంత దేశం ఐర్లాండ్‌లో 1845లో బంగాళాదుంప పంట కుళ్లిపోయింది. ఆ తర్వాత వచ్చిన కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు. కారణం ఫైటాఫ్తోరా ఇన్‌ఫెస్టాన్స్. (ఇది నిక్కచ్చిగా చూస్తే శిలీంధ్రం కాదు, నాచు జాతులకి దగ్గరి చుట్టం. కానీ అప్పటి నుంచి శిలీంధ్రాల వాళ్లే దీన్ని పెంచి పోషిస్తున్నారు, కాబట్టి వదిలేద్దాం.) ఆ కాలంలో కొందరు జబ్బు ఆకుల్ని ఎండబెట్టి దాచారు. అవి లండన్ దగ్గర క్యూ గార్డెన్స్‌లో, జర్మనీలో మ్యూనిక్‌లో ఉన్నాయి. 2013లో శాస్త్రవేత్తలు అలాంటి 11 పాత నమూనాల నుంచి డీఎన్ఏ తీశారు. ముక్కలు ముక్కలుగా ఉన్నా చదవగలిగారు. ఆ కరువు తెచ్చిన రకం యూఎస్-1 అనే రకమే అని చాలాకాలం అనుకునేవాళ్లు. కాదని తేలింది. అది వేరే రకం, దానికి హెర్బ్-1 అని పేరు పెట్టారు. హెర్బేరియంలో దొరికింది కాబట్టి హెర్బ్. లక్షల మందిని ఆకలితో చంపిన ఆ రకం ఏదో తెలియడానికి, 160 ఏళ్లకి పైగా బీరువాలో పడి ఉన్న ఆకు కావాల్సొచ్చింది.

మన దగ్గర కూడా బట్లర్ తిరిగాడు, తెలుసా? గోదావరి డెల్టాలో తాటి చెట్ల మొవ్వు కుళ్లిపోయి చెట్లకి చెట్లే చస్తుంటే ఆయన్ని పిలిపించారు. 1907లో ఆ జీవికి పిథియం పామివోరమ్ అని పేరు పెట్టాడు. జబ్బు పడ్డ చెట్ల తలలు కొట్టించి కాల్పించే కార్యక్రమం కూడా నడిచింది. పామివోరమ్ అంటే తాళజాతి చెట్లని మింగేది. ఇప్పుడు దాన్ని ఫైటాఫ్తోరా పామివోరా అంటారు. కోకో, బొప్పాయి, కొబ్బరి, ప్రపంచంలో ఎక్కడ దీని పేరెత్తినా ఆ పేరు వెనక గోదావరి జిల్లా తాటి చెట్టు ఉంది. ఇది తాండూరు కథ కాదు గానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

సరే, తాండూరుకి ఈ పాత కట్టెలతో ఏం పని?

పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది, 1972లో మొదలైంది. అక్కడ ఒక విచిత్రమైన పొలం పద్ధతి ఉంది. ఎండు తెగులు వచ్చిన కంది కట్టెల్ని ముక్కలు చేసి కావాలని మట్టిలో కలిపి, ఆ నేలని జబ్బు నేలగా తయారుచేస్తారు. అందులో వందల రకాల కంది విత్తుతారు. చచ్చేవి చస్తాయి, నిలబడ్డవి పనికొస్తాయి. అలా తేలిన ఒక రకం ఐసీపీ 8863, కర్ణాటకలో 1986లో మారుతి పేరుతో విడుదలైంది. గుల్బర్గా వైపు ఎండు తెగులుతో చితికిపోయిన రైతులకి అది పెద్ద ఊరట. గుల్బర్గా అంటే తాండూరుకి పొరుగే, మధ్యలో ఉన్నది రాష్ట్రాల గీత ఒక్కటే. తర్వాత 1993లో ఆశ అని ఇంకో రకం వచ్చింది.

కానీ బూజు కూడా ఊరుకోదు. ఒక ఊళ్లో నిలబడిన కంది రకం ఇంకో ఊళ్లో ఎండిపోతుంది, ఎందుకంటే ఫ్యుజేరియం ఉడమ్ అన్ని చోట్లా ఒకేలా లేదు. శాస్త్రవేత్తలు దాన్ని కొన్ని రకాలుగా విడదీసి చూస్తున్నారు. ఇప్పుడు రైతు వైపు నుంచి ఆలోచించండి. "పదేళ్లు ఆగిన రకం ఈ ఏడు ఎందుకు ఎండింది?" దీనికి రెండు జవాబులు ఉండొచ్చు. విత్తనం కల్తీ అయి ఉండొచ్చు, లేదా చేనులో బూజు మారి ఉండొచ్చు. మొదటిదైతే దుకాణం మీదికి పోవాలి. రెండోదైతే కొత్త రకం కావాలి. విత్తనం సంగతి విత్తనాన్ని పరీక్షిస్తే తెలుస్తుంది. బూజు మారిందా లేదా అనేది మాత్రం పాత బూజు చేతిలో ఉంటేనే తెలుస్తుంది. అదే ఊరిది, తేదీతో సహా. పొరుగు రాష్ట్రం కట్టెతో పోలిస్తే పని కాదు. మీ మండలం చీటీ ఉన్న పొట్లం కావాలి.

ఎండబెట్టింది ఒక్కటే సరిపోతుందా అంటే, లేదు. ఎండిన కట్టెలో బూజు కొన్నేళ్లకి చచ్చిపోతుంది, డీఎన్ఏ మిగులుతుంది. అది మొక్కని ఇప్పటికీ చంపగలదా అని చూడాలంటే ప్రాణంతో ఉన్నది కావాలి. దానికి ఢిల్లీలోనే 1936 నుంచి ఇంకో సంగ్రహం ఉంది, గాజు గొట్టాల్లో బతికున్న శిలీంధ్రాలు. పుణెలోని అగార్కర్ పరిశోధన సంస్థలో బతికున్నవీ ఉన్నాయి, ఎండినవీ ఉన్నాయి. ఫ్యుజేరియంతో చిక్కేంటంటే, గొట్టంలో మళ్లీ మళ్లీ పెంచుతూ పోతే అది మారిపోతుంది, జబ్బు చేసే గుణం కూడా తగ్గిపోవచ్చు. ల్యాబ్‌లో తిని కూర్చుని సోమరి అవుతుంది. ఎండినది మాత్రం తీసిన రోజు ఎలా ఉందో అలాగే ఆగిపోతుంది. అందుకే రెండూ దాస్తారు.

మీరు చేయాలనుకుంటే ఇదిగో పద్ధతి, కష్టం కాదు. చెట్టు పీకేముందు ఫొటో తీయండి, లొకేషన్ ఆన్ చేసి. మొదలు నుంచి జానెడు కాండం, కింద కొంచెం వేరుతో కలిపి తీసుకోండి. మట్టి దులిపి, ఒకదాన్ని నిలువుగా చీల్చండి, చారలు కనబడాలి. న్యూస్‌పేపర్ మధ్య పెట్టి బరువు పెట్టండి, పేపర్ రోజూ మార్చండి. పాలిథిన్ కవర్ వద్దు. చెమ్మ పట్టి ఇంకేవో బూజులు పెరిగి అసలుది కనబడకుండా పోతుంది. చీటీ పెన్సిల్‌తో రాయండి, ఇంకు తడికి కారిపోతుంది. ఊరు, మండలం, తేదీ, కంది రకం పేరు, నేల ఎర్ర చెల్కనా నల్లరేగడా, పక్కన జొన్న వేశారా, పోయినేడు ఏం వేశారు, వంద చెట్లలో ఎన్ని ఎండాయి. జొన్న ఎందుకు అడిగానంటే, కందిలో జొన్న కలిపి వేసినా, ఒక ఏడాది కంది ఆపి జొన్న వేసినా ఎండు తెగులు బాగా తగ్గుతుందని ఇక్రిశాట్ పరిశోధనల్లో తేలింది. మన పాతకాలం వాళ్లు కంది, జొన్న కలిపి వేసేది ఊరికే కాదు.

రెండు జాగ్రత్తలు. జబ్బు కట్టె ఇంకో చేను గట్టు మీద పడేయొద్దు, చెప్పులకి అంటిన మట్టి ఆ చేనులోనే దులిపి రండి. మిగిలిన మోళ్లు కాల్చేయమని రైతుకి చెప్పండి. అలాగే విదేశాల్లో ఉన్న ఫ్రెండ్ ల్యాబ్‌కి కొరియర్ చేద్దాం అనుకోవద్దు, జీవవైవిధ్య చట్టం 2002 కింద దానికి అనుమతి కావాలి.

ఆరిన తర్వాత ఎవరికి ఇవ్వాలి? తాండూరులోనే వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, కంది మీద కూడా పని చేస్తుంది. ముందు ఫోన్ చేసి, చీటీలో ఏమేం రాశారో చదివి వినిపించండి. చీటీ బాగుంటే మాట వింటారు. వాళ్లకి మొదట కావాల్సింది మీ పేరు కాదు, కంది రకం పేరు. విత్తన సంచి మీద ఉంటుంది, పారేయకముందే రైతుని అడిగి రాసుకోండి.